కొత్తపట్నం ఒడ్డున పాటల పండగ: రాత్రికి టెంట్లు వెయ్యాలా, వద్దా?

ఉప్పుగాలి:
జనవరి ఆఖరి శని, ఆదివారాల్లో కొత్తపట్నం దగ్గర ఒక సరుగుడు తోటలో చిన్న పాటల పండగ పెట్టాలని మేం కొందరం అనుకుంటున్నాం. తోట సముద్రానికి కాస్త ఎడంగా ఉంటుంది. రెండు మూడు వందల మందికి మించనివ్వం, అదీ పిల్లాపాపలతో వచ్చేవాళ్ళకే. శనివారం సాయంత్రం హరికథ, జానపదాలు, పాత సినిమా పాటలు. ఆదివారం పొద్దున పిల్లలకు కోలాటం, డప్పు నేర్పుతాం. మందు, సిగరెట్ లోపలికి రానివ్వం.

గొడవంతా రాత్రి బస దగ్గరే వచ్చింది. టెంట్లు వేసి కుటుంబాల్ని అక్కడే ఉంచుదామని సగం మంది, తొమ్మిదిన్నరకి ముగించి ఇళ్ళకు పంపేద్దామని సగం మంది. మీరేమంటారు?

కావలి టీచరమ్మ:
వద్దే వద్దు. పాట వినడానికి వచ్చిన తల్లిదండ్రులు పిల్లల మీద ఓ కన్నేసి ఉంచుతామనే అంటారు. పది దాటాక పెద్దవాళ్ళు కబుర్లలో పడతారు, పిల్లలు నీళ్ళ వైపు నడుస్తారు. మైపాడులో పట్టపగలు, అందరూ చూస్తుండగానే మునిగిపోయినవాళ్ళున్నారు. అల చిన్నగానే కనిపిస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. చీకట్లో ఎవరు చూస్తారు?

ఇంకోటి, మరుగుదొడ్లు. ఈ మాట ఎత్తితే మగవాళ్ళు నవ్వుతారు. పొద్దున ఆరింటికి అంత మందీ ఒకేసారి లేస్తారు. ఒడ్డు దగ్గర బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడితే ఏం చేస్తారు? ట్యాంకర్ ఎన్నిసార్లు రావాలో లెక్క వేశారా?

బిట్రగుంట బండి:
మేడమ్, మీ భయం సరైనదే కానీ పరిష్కారమే తలకిందులుగా ఉంది. తొమ్మిదిన్నరకి ముగిస్తే ఏమవుతుంది? బండి మీద ముందొకరు, మధ్యలో ఒకరు, వెనక అమ్మ ఒళ్ళో నిద్రపోతున్న చంటిది. అలా చీకట్లో, వీధి దీపాల్లేని రోడ్డు మీద ఒంగోలు దాకా పోవాలి. కావలి, కందుకూరు నుంచి వచ్చినవాళ్ళయితే అక్కడి నుంచి హైవే ఎక్కి లారీల మధ్య ఇంకా పోవాలి. ఆ వేళ బస్సుని నమ్ముకోలేం. నాకైతే సముద్రం కంటే ఆ ప్రయాణానికే టెన్షన్.

అయినా మనకిదేమన్నా కొత్తా? నెల్లూరులో రొట్టెల పండగకి బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు పక్కన కుటుంబాలు చాపలు పరుచుకుని పడుకోవడం లేదా? తిరునాళ్ళలో పిల్లల్ని పక్కన పడుకోబెట్టి తెల్లవార్లూ హరికథలు విన్న జాతి మనది.

కావలి టీచరమ్మ:
రొట్టెల పండగకి పోలీసులు, మున్సిపాలిటీ, వైద్య శిబిరాలు, చుట్టూ నగరం ఉంటాయి. మీ తోటలో వాట్సాప్ గ్రూపు తప్ప ఏముంది?

పల్లెపాలెం కుర్రోడు:
మీరూ మీరూ మాట్లాడుకుంటున్నారు గానీ మా ఊరిని ఎవరైనా అడిగారా? మీకది బీచ్. మాకది పని చేసుకునే చోటు.

మా పడవలు తెల్లారుజామున మూడు, నాలుగింటికి కదులుతాయి. ట్రాక్టర్‌తో తోసే దారుంటుంది, వలలు పరిచే చోటుంటుంది. పోయినేడాది ఎవరో టూరిస్టులు ఆ దారిలోనే టెంట్ వేసుకుని పడుకున్నారు. ట్రాక్టర్ లైటు పడేదాకా లోపల మనుషులున్నట్టు మాకు తెలియలేదు. నైలాన్ వలలో గాజు పెంకు చిక్కుకుంటే ఎంత నష్టమో కూడా మీకు తెలియదు.

నేను వద్దనడం లేదు. ముందు ఊరి పెద్దల దగ్గర కూర్చోండి. టెంట్లు తోటలోనే ఉండాలి, ఇసుక మీద ఒక్కటి కూడా కనపడకూడదు. తిండి అంగళ్ళు మా ఆడవాళ్ళకి ఇవ్వండి. చేపల పులుసు కోసం ఒంగోలు నుంచి క్యాటరింగ్ తెస్తే మాత్రం ఊరు ఊరుకోదు.

సూళ్ళూరుపేట శీను:
వేట నిషేధంలో పెట్టుకోవచ్చుగా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు ఎలాగూ కదలవు, పిల్లలకి సెలవులు కూడా.

పల్లెపాలెం కుర్రోడు:
మే నెల ఎండలో టెంటులో పిల్లల్ని పడుకోబెడతావా అన్నా? నువ్వొచ్చి ముందు ఒక మధ్యాహ్నం ఉండి చూపించు.

సౌండ్ బాక్స్:
మైకులు, స్పీకర్ల పని చేస్తాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. పిల్లల పండగకి దాని జోలికి పోవద్దు. పదికి ఆపేయండి. మైకుకు పర్మిషన్ ముందే తీసుకోండి, ఆ వారంలో పరుగెత్తితే పని కాదు.

రెండో సంగతి గాలి. సాయంత్రం గాలి సముద్రం మీంచి ఊరి వైపు కొడుతుంది, శబ్దాన్ని కూడా అటే మోసుకుపోతుంది. స్టేజీని సముద్రం వైపు కట్టి స్పీకర్లు ఊరి వైపు తిప్పారంటే పల్లెపాలెంలో ముసలివాళ్ళకి నిద్ర ఉండదు. స్టేజీ ఊరి వైపు ఉండాలి, స్పీకర్ల ముఖం సముద్రం వైపు ఉండాలి. రెండు పెద్ద స్తంభాల బదులు చిన్న బాక్సులు నాలుగైదు చోట్ల పెడితే ముందు వరుసలో చెవులు పగలవు, వెనకాల కూర్చున్నవాళ్ళకీ వినిపిస్తుంది. చంటిపిల్లల్ని బాక్సు ముందు కూర్చోబెట్టే తల్లిదండ్రుల్ని మొహమాటం లేకుండా లేపండి. పిల్లల ఇయర్ మఫ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, దూదితో పని జరగదు.

గుండ్లకమ్మ:
స్పీకర్లు సముద్రం వైపు సరే, లైట్లు మాత్రం అటు తిప్పొద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒడ్డున వెలుతురుంటే తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. గుడ్లు పగిలాక పిల్లలు సముద్రం వదిలి లైటు వైపు పాక్కుంటూ పోతాయి. పసుపు లైట్లు వాడండి, కిందకి వంచి రేకు కప్పండి. అటవీ శాఖ వాళ్ళకు ముందే ఒక మాట చెప్పండి.

ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ ఎత్తలేదు. సరుగుడు తోటలో కింద ఎండుటాకు మెత్తగా పరుపులా ఉంటుంది, అగ్గిపుల్ల పడితే చాలు. తోటలో పొయ్యి, క్యాంప్‌ఫైర్, టపాసులు, దోమల చుట్టలు కూడా వద్దు. టెంట్లు వేసే చోట ఆకు ఊడ్చి, నీళ్ళ డ్రమ్ములు, ఇసుక బకెట్లు పెట్టుకోవాలి. వంట తోట బయట, గాలి వాలున.

ఉప్పుగాలి:
అందరికీ థ్యాంక్స్. నిన్న పల్లెపాలెం వెళ్ళి పెద్దలతో కూర్చున్నాం. అంగళ్ళ సంగతి ఒప్పుకున్నాం, పడవల దారికి వాళ్ళే ముగ్గు పోసి చూపిస్తామన్నారు. ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం, తప్పులు పట్టండి.

బస శనివారం ఒక్క రాత్రే, ముందే పేరు రాయించుకున్న కుటుంబాలకే. మగపిల్లల గుంపులకి టెంట్ లేదు. పిల్లల చేతికి అమ్మానాన్నల ఫోన్ నంబరు రాసిన పట్టీ. సముద్రం వైపు తాడు కట్టి, చీకటి పడ్డాక ఎవరినీ దాటనివ్వం. అక్కడ కాపలాకి ఈత వచ్చిన పల్లెపాలెం వాళ్ళకే కూలి ఇచ్చి పెడతాం. తాగునీళ్ళు క్యాన్లలో, వాడుకకి ట్యాంకర్. ఆడవాళ్ళ మరుగుదొడ్లు మగవాళ్ళ వాటికంటే రెట్టింపు, లైటు వెలుగులో, టెంట్లకి దగ్గరగా.

వచ్చేవాళ్ళకి కొన్ని మాటలు. టెంటుతో వచ్చే సన్న మేకులు ఇసుక నేలలో నిలబడవు. చిన్న గోతాల్లో ఇసుక నింపి, తాడు కట్టి పాతిపెట్టండి. జనవరిలో మంచు బాగా కురుస్తుంది, తెల్లారేసరికి టెంటు పైగుడ్డ తడిసి కారుతుంది. కింద టార్పాలిన్, పిల్లలకి కుల్లాయి, దుప్పటి తప్పనిసరి. టార్చ్ లేకుండా నడవద్దు, తోటలో పాములు తిరుగుతాయి. చెప్పులు టెంటు బయట వదిలితే దులిపి వేసుకోండి. అవసరమైతే 108కి దారి చెప్పేందుకు గేటు దగ్గర రాత్రంతా ఒకరుంటారు.

బిట్రగుంట బండి:
మగపిల్లల గుంపులకి లేదంటే మా మేనల్లుళ్ళు నలుగురూ బాధపడతారు. పోనీలే, నా టెంటులో దూరుస్తా.

ఉప్పుగాలి:
మీ పేరు మీద రాయిస్తే మీదే పూచీ అన్నా. వాళ్ళు తాడు దాటితే మిమ్మల్నే లేపుతాం.

కావలి టీచరమ్మ:
ఇంత రాశాక కూడా నేను రాత్రి ఉండను, మా బడి పిల్లల్నీ ఉండనివ్వను. కన్నవాళ్ళు పక్కనుంటే అది వేరు. నలభై మంది పిల్లలకి ఇద్దరు టీచర్లంటే రాత్రి పూట నా వల్ల కాదు. సాయంత్రం బస్సులో తీసుకొచ్చి, హరికథ అవగానే తొమ్మిదికి బయల్దేరతాం. హరికథ మొదట్లో పెట్టండి, సినిమా పాటలు తర్వాత పాడుకోవచ్చు. బస్సు ఎక్కడ ఆపాలో చెప్పండి.

పల్లెపాలెం కుర్రోడు:
బస్సు ఊళ్ళోకి తేవద్దు మేడమ్, మలుపు దగ్గర తిరగదు. తుఫాను షెల్టర్ ముందు ఖాళీ జాగా ఉంది, పంచాయతీలో నేను అడిగి పెడతా. కార్లు కూడా అక్కడే పెట్టుకోవచ్చు గానీ ఆదివారం పొద్దున ఎనిమిదిలోపు తీసెయ్యాలి, చేపలు ఎండబెట్టేది అక్కడే.