ఐదేళ్లు నిండే పాపకు సదరం రెన్యువల్: సైకాలజిస్టు అడిగితే ఏం చెప్పాలి?

పల్నాడు పిన్ని:
మా అక్క కూతురికి వచ్చే నెల ఐదేళ్లు నిండుతాయి. మూడో ఏట ఇచ్చిన తాత్కాలిక సదరం (వైకల్య) సర్టిఫికెట్‌లో ‘గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే’ (మొత్తం ఎదుగుదలలో వెనకబాటు) అని ఉంది. అది ఐదేళ్లతో అయిపోతుందట. ఈసారి ఏమేం అడుగుతారు, ఏం పట్టుకెళ్లాలి? నిరామయ (నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ఆరోగ్య బీమా), ప్రత్యేక అవసరాల పిల్లలకు ఉండే భవిత కేంద్రం గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

క్లినికల్ సైకాలజీ, గుంటూరు:
నిజమేనండి, ఆ పేరు ఐదేళ్లలోపు పిల్లలకే. ఇప్పుడు మేధో వైకల్యం ఉందా, ఉంటే ఎంత అని కొత్తగా చూస్తారు. మళ్లీ 10 ఏళ్లకు, 18 ఏళ్లకు చూపించాలి. 18లో ఇచ్చింది ఇక జీవితాంతం చెల్లుతుంది.

పాపతో తెలివితేటల పరీక్ష చేయిస్తారు. కానీ శాతం తేల్చేది వైన్‌ల్యాండ్ స్కేలు. అది తల్లిని అడిగే ప్రశ్నలు: తిండి, బట్టలు, బాత్రూం, మాట, నలుగురిలో మెలగడం. జవాబులను బట్టి పాప ఎన్ని నెలల బిడ్డలా పనులు చేసుకుంటోందో లెక్కగట్టి, దాన్ని అసలు వయసుతో భాగించి 100తో హెచ్చిస్తారు. 60 నెలల పాప 30 నెలల బిడ్డలా ఉంటే 50 వస్తుంది. 36–54 మధ్య వస్తే వైకల్యం 75 శాతం, 55–69 అయితే 50 శాతం. 70–84 వచ్చిందా, 25 శాతమే రాస్తారు. వైకల్యం 40 శాతం లేకపోతే పింఛనుకు పనికిరాదు.

తల్లులు దెబ్బతినేది ఇక్కడే. ‘తనే తింటుందా?’ అంటే ‘ఆఁ, తింటుందండి’ అనేస్తారు. పక్కన పదిమంది కూర్చుని ఉంటే బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి నోరెలా వస్తుంది? అసలు జరిగేదేమో, అమ్మ పప్పన్నం కలిపి ముద్ద చేతిలో పెడితే నోట్లో పెట్టుకుంటుంది. కంచం ముందుపెట్టి వదిలేస్తే మెతుకులు ఏరుతూ కూర్చుంటుంది. దాన్ని ‘తింటుంది’ అనకూడదు. ఇలాంటివి కొన్ని కలిస్తే 30 నెలలు కాస్తా 43 అవుతాయి. 43ని 60తో భాగించి 100తో హెచ్చిస్తే దాదాపు 72. అంతే, 25 శాతం.

స్పెషల్ ఎడ్యుకేటర్, ఖమ్మం:
పై మాటకు తోడు: వారం ముందు నుంచి ఒక నోటుబుక్కులో రాయండి. ఏ పని, పాప ఎంతవరకు చేసింది, మనం ఎక్కడ చెయ్యేశాం. ‘గౌను: తల దూరిస్తే చేతులు తనే దూర్చింది, గుండీలు రాలేదు’ ఇలా. సైకాలజిస్టుకు ఇంతకంటే మంచి కాగితం ఉండదు. లేనిది కల్పించి మాత్రం చెప్పకండి. పాప ఎదురుగానే ఉంటుంది, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

వినికిడి పరీక్ష, అంటే బెరా, రిపోర్టు తప్పకుండా తీసుకెళ్లండి. వినపడని పిల్లకు మాట అర్థం కావడం లేదని రాసేస్తే లెక్కంతా తప్పుతుంది. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, పాత సర్టిఫికెట్, ఆధార్ సరేసరి. కళ్లలోకి చూడకపోవడం, అన్నదే అనడం లాంటివి ఉంటే ముందే చెప్పండి. ఆటిజానికి ‘ఇసా’ స్కేలు వేరు: 40 అంశాలు, 40 నుంచి 200 మార్కులు, 70 నుంచి ఆటిజం కింద లెక్క.

నేషనల్ ట్రస్ట్ పనులు చూసే మనిషి:
నిరామయకు సర్టిఫికెట్‌లో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, వీటిలో ఒకటి ఉండాలి. ఫీజు బీపీఎల్ అయితే 250, కాకపోతే 500. ఏడాదికి లక్ష వరకు ఖర్చులు ఇస్తారు. లక్షా థెరపీకే అనుకోకండి, ఒక్కోదానికీ విడి పరిమితి ఉంది. ముందు మనం కట్టి, తర్వాత బిల్లులు పంపి రాబట్టుకోవాలి. ఒరిజినల్ బిల్లు, డాక్టరు చీటీ, థెరపీ జరిగిన తేదీలు మూడూ ఉండాలి. పాలసీ ఎప్పుడు తీసుకున్నా మార్చి 31తో ముగుస్తుంది, కాబట్టి ఫిబ్రవరిలో చేరితే మిగిలేది నెలే.

భవితకు ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. రాలేని పిల్లలకు ఇంటికి వచ్చి చెప్పే ఏర్పాటూ ఉంది.

పల్నాడు పిన్ని:
ఒక్క సందేహం. బాత్రూంకి తనంతట చెప్పదు, గంటకోసారి తీసుకెళ్తే బట్టలు తడపదు. వచ్చినట్టా, రానట్టా?

క్లినికల్ సైకాలజీ, గుంటూరు:
రానట్టే. గడియారం చూసేది అమ్మ కదా. ‘గంటకోసారి’ అన్న ముక్క మాత్రం వదలకుండా చెప్పమనండి.