బయట కుక్కల షెడ్‌కి ఫ్లోరింగ్ ఏది బెటర్? టైల్స్, కడప బండ, సిమెంట్, గ్రావెల్?

పెందుర్తి_ల్యాబ్:
అందరికీ నమస్తే అండి. మాది పెందుర్తి, ఇంటి వెనకాల ఖాళీలో కుక్కలకి షెడ్ వేయిస్తున్నాం, 12 బై 8 అడుగులు, పైన షీటు, మూడు పక్కలా మెష్. ఒక ల్యాబ్రడార్ (ల్యాబ్), రెండు నాటువి. రాత్రిపూట, మేం ఆఫీసుకెళ్ళినప్పుడు మాత్రమే అందులో ఉంటాయి. ఇప్పుడక్కడంతా ఎర్రమట్టి, వాన పడితే బురదే బురద, నాటుది ఒకటి గొయ్యి తవ్వుకుని అందులోనే పడుకుంటాది. మేస్త్రీ ఏమో ఇంట్లో మిగిలిపోయిన టైల్స్ వేసేద్దాం అంటున్నాడు, నాన్నగారు కడప బండ అంటున్నారు. ల్యాబ్‌కి వయసు మీద పడింది, వెనక కాళ్ళు వీక్, అందుకే దాని గురించే ఎక్కువ ఆలోచిస్తున్నా. బయట షెడ్ ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

గాజువాక_బ్రూనో:
అన్నా టైల్స్ మాత్రం వద్దు. లోపలేసే నున్నటి టైల్ మీద కాస్త తడి పడినా ముసలి ల్యాబ్‌కి కాళ్ళు చెరో పక్కకి పోతాయి, లేవడానికి ట్రై చేసినకొద్దీ ఇంకా జారుతాది, తుంటి దగ్గర ప్రాబ్లం ఉంటే అది చాలా డేంజర్. కడప బండ నలుపు కదా, షీటు నీడ పడని వైపు మే నెలలో కాలిపోద్ది. తాండూరు బండ దానికంటే నయమే గాని రెండూ సున్నపురాయే, బాత్రూం యాసిడ్‌తో కడిగితే పైపొర తినేస్తాది, పైగా ఎన్ని జాయింట్లుంటే గోమార్లకి అన్ని ఇళ్ళు. ఒక్క ఆడ గోమారు వేలల్లో గుడ్లు పెడతాది, అదీ ఇలాంటి సందుల్లోనే.

నా ఓటు సిమెంట్ కాంక్రీటుకే. చుట్టూ నేలకంటే అరడుగు ఎత్తు లేపించండి, మన దగ్గర వాయుగుండం పట్టిందంటే నీళ్ళు ఎటునుంచి వస్తాయో తెలీదు. అసలు పని వాటంలో ఉంది అన్నా, అడుక్కి పావు అంగుళం చొప్పున మీ 8 అడుగులకీ రెండంగుళాలు వాలాలి, ట్యూబ్ లెవెల్ పెట్టి మీ కళ్ళ ముందే చూపించమనండి. పైన తాపీతో నున్నగా రుద్దనివ్వకండి, కాస్త ఆరాక చీపురుతో నీళ్ళు పారే వైపే గీతలు లాగించండి, కాలికి పట్టూ ఉంటాది, నీళ్ళూ ఆగవు.

కొమ్మాది_పప్పీ_మామ్:
గ్రావెల్ గురించి నేను చెప్తాను అండి, మాకు ఆడుకునే చోట గుండ్రటి చిన్న రాళ్ళు పోయించాం, అక్కడివరకూ బాగుంది, నీళ్ళు ఇంకిపోతాయి, నాటుది తవ్వినా బురద అవదు. పడుకునే షెడ్‌లో మాత్రం వేయకండి. మలం తీసినా కొంత రాళ్ళ మధ్యకి దిగిపోద్ది, మన వైజాగ్ ఉక్కకి ఆ తడి ఆరదు, కొంకి పురుగుల (హుక్‌వార్మ్, కుక్కల పేగుల్లో చేరే పురుగులు) పిల్లలకి కావాల్సింది అదే. పార్వో (కుక్కలకి వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వచ్చిందనుకోండి, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటాది, రాళ్ళని బ్లీచింగ్‌తో కడగడం అయ్యే పని కాదు, సిమెంట్ అయితే కడగొచ్చు.

ఇంకోటి, ఏ ఫ్లోర్ వేసినా ల్యాబ్‌ని గచ్చు మీద పడుకోబెట్టకండి ప్లీజ్. బరువున్న కుక్కలకి మోచేతుల దగ్గర చర్మం మొద్దుబారి, తర్వాత నీరు పట్టి ఉబ్బిపోతాది. ఎత్తు తక్కువ నవారు మంచం ఒకటి వేయండి, కింద గాలి ఆడుతుంది. కొరికేసే రకమైతే డైరీల్లో ఆవులకేసే రబ్బర్ మ్యాట్ చాలు, కాకపోతే దాన్ని అతికించకండి, రోజూ ఎత్తి కింద కడగాలి, లేకపోతే మూత్రమంతా అడుగున చేరి గబ్బు కొడతాది.

పెందుర్తి_ల్యాబ్:
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. నవారు మంచం ఐడియా అస్సలు తట్టలేదు మాకు. సిమెంటే ఫిక్స్. మరి సిమెంట్ మూత్రం పీల్చేసుకుని వాసన ఉండిపోద్ది అంటున్నారు, పైన ఎపాక్సీ పూత వేయించాలా?

గాజువాక_బ్రూనో:
పీల్చుకోవడం నిజమే అన్నా. ఎపాక్సీ మళ్ళీ నున్నగా అయిపోద్ది, ఎండకి పసుపెక్కి పొట్టులా లేస్తాది కూడా. కాంక్రీటులోకి ఇంకిపోయే సీలర్లు పెయింట్ షాపుల్లో అడగండి, పైన పొర కట్టనిది కావాలని చెప్పండి. ముందు కనీసం వారం రోజులు నీళ్ళు కట్టి క్యూరింగ్ చేయించండి, పూర్తిగా ఆరాకే సీలర్. పచ్చి సిమెంట్ మీదకి కుక్కల్ని వదలకండి, పాదాలు మండుతాయి. కడిగేటప్పుడు ముందు ఉత్త నీళ్ళతో మూత్రం అంతా పోయాకే బ్లీచింగ్ వాడండి, రెండూ కలిస్తే వచ్చే ఘాటు మనకీ వాటికీ ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆ తర్వాత మళ్ళీ బాగా కడిగి, ఆరాకే లోపలికి వదలండి.

సముద్రం గాలికి మెష్ పైపులు ఎలాగూ తుప్పు పడతాయి, రోజూ కడిగే నీళ్ళు కూడా తగిలితే అడుగు ముందు పోతాది, అందుకని పైపు కాళ్ళు ఫ్లోర్‌లో పాతకుండా చిన్న సిమెంట్ దిమ్మెల మీద నిలబెట్టించండి. కాలవ మాత్రం మెష్ బయటే పెట్టించండి, లోపలుంటే ఆ నీళ్ళే తాగుతాయి, ఎలుకలూ అక్కడికే వస్తాయి, ఎలుక మూత్రంతో లెప్టో (లెప్టోస్పైరోసిస్, కుక్కలకీ మనకీ వచ్చే జబ్బు) రిస్క్. మేస్త్రీ లోపలైతే ఈజీ అంటాడు, ఒప్పుకోవద్దు.