చిన్న ఆపరేషన్‌కి కూడా ఇన్ని రక్త పరీక్షలా?

మల్కాజిగిరి అల్లుడు:
మా మామయ్యగారికి 66 ఏళ్లు. బీపీ మాత్ర తప్ప వేరే మందుల్లేవు. కంటి శుక్లం ఆపరేషన్, చుక్కల మందు వేసి చేస్తారట. దానికి సీబీపీ (రక్తకణాల లెక్క), షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్, థైరాయిడ్, బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్, వైరల్ మార్కర్లు (హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి వైరస్‌ల పరీక్షలు), ఈసీజీ రాసిచ్చారు. ఇవి లేకపోతే ఫిట్‌నెస్ ఇవ్వరట. ఇవన్నీ ఆయన కోసమా, బిల్లు కోసమా?

మత్తు డాక్టర్, సికింద్రాబాద్:
శుక్లం విషయంలో ఇది పాతికేళ్ల కిందటే తేలింది. అమెరికా, కెనడాల్లో 18 వేల మందికి పైగా రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి పరీక్షలన్నీ చేశారు, రెండో గుంపుకి రొటీన్‌గా ఏవీ చేయలేదు. 2000లో ఫలితాలు వచ్చాయి. రెండు వైపులా ఇబ్బందులు 1000 ఆపరేషన్లకు 31 చొప్పున వచ్చాయి, తేడా లేదు. బ్రిటన్‌లో డాక్టర్లకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా 2016లో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చిన్న ఆపరేషన్ అయితే రొటీన్ రక్త పరీక్షలు వద్దంది.

ఎక్కువ చేస్తే నష్టమేంటి అంటారేమో. నార్మల్ రేంజి అనేది ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి అయిదుగురు బయట పడేలా పెట్టిన గీత. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కటైనా తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. ఇక మళ్లీ రక్తం తీయడం, ఇంకో స్పెషలిస్టు, ఆపరేషన్ వాయిదా, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

బ్లీడింగ్ టైమ్ కంటే, పన్ను పీకినప్పుడు రక్తం ఆగిందా, ఆస్పిరిన్ వాడుతున్నారా అని అడగడమే మేలు. ఆ అడిగే ఓపికే మాలో తగ్గింది, ఒప్పుకోవాలి.

థియేటర్ సిస్టర్:
సార్, అక్కడి మనిషికి ఏళ్ల తరబడి రికార్డు ఉంటుంది. మన దగ్గర చాలామందికి మొదటి రక్త పరీక్షే ఆపరేషన్ కోసం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. గర్భసంచి తీసేటప్పుడు హిమోగ్లోబిన్ చూడకుండా ఎలా? వైరల్ మార్కర్లు కూడా అంతే, సూది గుచ్చుకునేది మాకు.

మత్తు డాక్టర్, సికింద్రాబాద్:
సిస్టర్, గర్భసంచి ఆపరేషన్‌లో రక్తం పోతుంది, హిమోగ్లోబిన్ చూసి తీరాలి. అది కూడా కొన్ని వారాల ముందే. ముందురోజు 7 అని తెలిస్తే ఐరన్ ఎప్పుడు ఎక్కేను? షుగర్ కూడా మన దేశంలో చూడమనే చెప్తాను. నా గొడవ అందరికీ ఒకే చీటీ రాయడం మీదే.

వైరల్ రిపోర్టు నెగెటివ్ అని గ్లౌజులు తేలిగ్గా తీసుకుంటామా? కొత్తగా సోకితే కొన్నాళ్లు పరీక్షలో దొరకదు కూడా. పైగా హెచ్ఐవీ పరీక్షకు రోగి సమ్మతి ఉండాలని 2017 చట్టం చెప్తోంది. సంతకం పెట్టించుకునేటప్పుడు ఎందుకో ఎవరు వివరిస్తున్నారు?

వకీలు, నాంపల్లి:
డాక్టర్ల భయాన్ని కూడా చూడండి. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక, "పరీక్ష ఎందుకు చేయలేదు?" అన్న ప్రశ్న ఎప్పుడూ తలమీదే ఉంటుంది. కాకపోతే చేయించి రిపోర్టు చూడకుండా ఫైల్లో పెట్టడం ఇంకా పెద్ద చిక్కు. అలాంటి ఫైళ్లు చూశాను.

మల్కాజిగిరి అల్లుడు:
థైరాయిడ్, లివర్, క్లాటింగ్ ఎందుకో రేపు అడుగుతాను. మామయ్యగారికి మూడు నెలల కిందట చేసిన సీబీపీ, షుగర్ ఉన్నాయి, పనికొస్తాయా?

మత్తు డాక్టర్, సికింద్రాబాద్:
నార్మల్‌గా ఉండి, ఆయన ఆరోగ్యంలో మార్పు లేకపోతే మామూలుగా సరిపోతాయి. బీపీ మాత్రం ఆ రోజు చూడాలి. ఇంకో మాట, మూత్రం ధార కోసం టామ్‌సులోసిన్ మాత్ర ఎప్పుడైనా వాడారేమో అడగండి, మానేసి చాలా రోజులైనా సరే. దానివల్ల శుక్లం తీసేటప్పుడు కంటిపాప సరిగ్గా తెరుచుకోదు, సర్జన్‌కి ముందే తెలియాలి. మీరు రాసిన లిస్టులో ఏ పరీక్షా ఆ సంగతి చెప్పదు.