మేస్త్రీ చెడగొట్టిన పనిని ఇంటివాళ్లే సరిచేసుకోవచ్చా?

నల్గొండ గృహస్థుడు:

నల్గొండ శివారులో మేము ఇల్లు కట్టుకుని ఏడాదిన్నర అయింది. వంటింటి వెనుక గోడకూ ప్రహరీకీ నడుమ పదడుగుల ఖాళీ ఉంటే, గుత్తేదారు అందులో షాబాద్ బండలు పరిపించి, వంటింటి గోడను ఆనించి మా అమ్మ కోసం ఒక పూలమడి కట్టించాడు. మొదటి వానకాలంలోనే బండల మీది నీరు బయటికి పోకుండా గోడ మొదట్లో నిలబడటం చూశాము. ఇప్పుడు గోడ లోపలి వైపు రెండడుగుల ఎత్తు వరకు చెమ్మ ఎక్కి, రంగు ఉబ్బి, గిలాబు పెచ్చులుగా రాలుతోంది. గుత్తేదారు ఫోను ఎత్తడం మానేశాడు. మరో మేస్త్రీని పిలిపిస్తే, పాత గిలాబు కొట్టేసి, చెమ్మ పట్టని మందు కలిపి కొత్తగా చేసి, పైన టైల్స్ అతికిస్తే సరిపోతుందన్నాడు. నేను ఎన్నడూ తాపీ పట్టినవాడిని కాను. అయినా ఈ పని నేనే నేర్చుకుని చేసుకోవాలని ఉంది. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయం కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మహబూబ్‌నగర్ సైట్ సూపర్‌వైజర్:

అయ్యా, నా అభిప్రాయం వద్దనే. మీకు చేతకాదని కాదు. మీరు గడ్డపార వేసిన మరుక్షణం, తప్పు ఎవరిదో చూపే సాక్ష్యం పోతుంది. ఇల్లు కట్టడం కూడా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వచ్చే సేవే. లోపం బయటపడిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా ఉండదు. అపార్టుమెంటులోనో, స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరాలో నమోదైన వెంచరులోనో కొన్నవారికైతే, ఇల్లు చేతికి వచ్చిన ఐదేళ్లలో తేలిన పనిలోపాన్ని కట్టినవారే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. మీ సొంత జాగాలో గుత్తకు కట్టించుకున్న ఇంటికి ఈ రెండోది వర్తించదు. మొదటిదానికి మాత్రం గడువు దగ్గర పడుతోంది. తీరా మీరే బండలు లేపి మళ్లీ పరిచాక, ‘వాళ్లే చెడగొట్టుకున్నారు’ అని గుత్తేదారు అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

నాగర్‌కర్నూల్ మేస్త్రీ కుమారుడు:

మా నాన్నగారు నలభై ఏళ్లు తాపీ పని చేశారు. పాలమూరు జిల్లా నుంచి దేశంలోని ఎన్నో ఆనకట్టలకూ కాలువలకూ పనికి వెళ్లినవాళ్ల పిల్లలం మేము. అందుకే ఈ చర్చకు పెట్టిన పేరు చూసి కొంత నొచ్చుకున్నాను. గిలాబు పెచ్చులూడిన ప్రతి ఇంట్లోనూ మేస్త్రీదే తప్పు కాదు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుదైతే 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. ఇలా తడిపి ఉంచే క్యూరింగ్ చాలా గుత్తల్లో ఇంటివారి వంతు. ఏప్రిల్, మే ఎండల్లో బోరు ఎండిపోయి, ట్యాంకరు నీళ్లకు వెనకాడి, రోజుకొకసారి చల్లి వదిలేసిన గోడలను నేను ఎన్నో చూశాను.

ఇంటివారు నేర్చుకోవద్దని మాత్రం నేను అనను. గోడను వేలి కణుపులతో తట్టి, డొల్ల శబ్దం వచ్చిన మేరకు సుద్దముక్కతో గీత గీసుకోండి. అంతవరకే చెక్కండి. ఇటుకల మధ్య సందులను అరంగుళం లోతు గోకి, దుమ్ము దులిపి, గోడను తడిపి పట్టించాలి. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు జల్లెడ పట్టిన ఇసుక చాలు. అరగంటలో వాడగలిగినంత మాలే కలపండి. గట్టిపడ్డ మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడటం, నునుపు కోసం తడి గిలాబు మీద పొడి సిమెంటు చల్లడం, ఈ రెండూ మా వాళ్లలో కొందరు చేసే తప్పులే. వెంట్రుకవాసి పగుళ్లు చాలావరకు అక్కడే పుడతాయి.

మిర్యాలగూడ గృహిణి:

మీ ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది కానీ, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. గిలాబు చెడింది కనుక గిలాబు సరిచేయాలనుకుని, నేను ఎండాకాలంలో పది రోజులు కష్టపడి గోడంతా చెక్కి కొత్తగా పట్టించాను. మాలు కలపడం, రసమట్టం చూడటం, అంచు తీయడం అన్నీ నేర్చుకున్నాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. వానకాలం వెళ్లేసరికి అదే గోడ మళ్లీ ఉబ్బింది. అప్పుడు బయటికి వెళ్లి, జోరు వానలో గొడుగు పట్టుకుని అరగంట నిలబడి చూశాను. పెరట్లో పడ్డ నీరంతా గోడ వైపే నడుస్తోంది. పైగా గోడను ఆనించి ఉన్న మడిలో కరివేపాకుకూ మల్లెకూ నేను పోసిన మట్టి, ఇంటి బేస్‌మెంటు కంటే జానెడు ఎత్తు ఉంది. బేస్‌మెంటు మీద చెమ్మను ఆపడానికి వేసే సిమెంటు పట్టీని దాటి మట్టి నేరుగా ఇటుకను తాకుతోంది. మొక్కలకు పోసిన ప్రతి బిందె నీళ్లూ గోడ తాగుతోంది. ఆ మట్టి పోసింది నేనే కనుక, ఆ తప్పు ఏ మేస్త్రీ మీదా వేయలేను.

అందుకే మీ మేస్త్రీ చెప్పిన టైల్స్ ఆలోచన నాకు ససేమిరా నచ్చలేదు. లోపలి వైపు మూసేస్తే గోడలోని తడికి ఆరే దారి ఉండదు. అది టైల్స్ వెనుక నుంచి ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది. ముందు మడి తీసి ప్రహరీ వైపుకు మార్చండి. తరువాత గోడ పక్క నుంచి బండలు లేపి, కింది మొరాన్ని తడిపి దిమ్మిసతో గట్టిపరచి, రాతి డస్ట్ పరచి, ఐదడుగులకు ఒక అంగుళం వంతున వాలు బయటికి వచ్చేలా పేర్చుకోండి. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు పోసి రెండు కొసలా మట్టం చూడటం ఒక్క పూటలో వస్తుంది. షాబాద్ బండ పగలకుండా లేవాలంటే గడ్డపార కింద చెక్కముక్క పెట్టి, ఒక మూల నుంచి నెమ్మదిగా లేపాలి. బరువు కనుక ఇద్దరుండాలి. ఇది కొత్తవారు చేయదగిన పనే, తప్పు జరిగినా మళ్లీ లేపుకోవచ్చు. గిలాబును మాత్రం గోడ ఆరేదాకా ముట్టుకోకండి. మా గోడకు నాలుగు నెలలు పట్టింది.

నల్గొండ గృహస్థుడు:

అమ్మా, మీరు చెప్పినది చదివి ఇప్పుడే వెళ్లి కొలిచాను. మా మడిలోని మట్టి కూడా బేస్‌మెంటు కంటే ఆరంగుళాల పైన ఉంది. ఇంకొక సందేహం. గోడ మీద తెల్లటి పొడి పూసినట్టుంది. మన జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అని ఇక్కడివారు అంటున్నారు.

మహబూబ్‌నగర్ సైట్ సూపర్‌వైజర్:

అది ఫ్లోరైడ్ కాదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది, మిగతా లవణాలు వందల్లో ఉంటాయి. ఇటుకలోనూ ఇసుకలోనూ నీటిలోనూ ఉన్న ఆ ఉప్పును చెమ్మ పైకి మోసుకొచ్చి, ఆరిపోతూ గోడ మీద వదిలివెళుతుంది. దాన్ని కడగకండి, కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి ఊడ్చేయండి.

వంటింటి గోడ, బండల విషయంలో మిర్యాలగూడ అమ్మగారి మాటకు నేను ఒప్పుకుంటున్నాను, ఒక షరతు మీద. ఒక్క బండ కదిలించే ముందు, నీరు నిలిచిన చోటును, మట్టపు గొట్టం చూపే తేడాను, గిలాబును తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, గుత్తేదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. గడువు పెట్టి, అది దాటాక పని మొదలుపెట్టండి. సిమెంటు, కూలీ రసీదులు దాచుకుంటే ఆ ఖర్చునే నష్టపరిహారంగా అడగవచ్చు.

కానీ ఒక గీత దాటవద్దు. సజ్జ కిందనో స్లాబు కిందనో తుప్పు మరక కనబడినా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు సాగుతున్నా, ప్రహరీ ఒరిగినా, కొత్తవారు దాని మీద తాపీ పెట్టకూడదు. పైన గిలాబు పూస్తే లోపల చువ్వ తుప్పు పట్టడం ఆగదు, కంటికి కనిపించకుండా పోతుంది అంతే. ఒరిగిన ప్రహరీ పక్కన పునాది తవ్వితే మనిషి మీదే కూలుతుంది. వాటికి ఇంజనీరును పిలవాలి.

నల్గొండ గృహస్థుడు:

సజ్జలు, స్లాబు, ప్రహరీ అన్నీ చూశాను, అలాంటి గుర్తులేమీ లేవు. నోటీసు రేపు పంపుతున్నాను. పదిహేను రోజుల గడువు పెట్టాను. ఈలోగా పూలమడిని ఫొటోలు తీసి, అందులోని మల్లె తీగను మా అమ్మ చేతనే ప్రహరీ దగ్గరికి మార్పిస్తున్నాను.