పెద్దాసుపత్రి దగ్గర ఆదివారం అన్నదానం కొనసాగించాలా, ఆ డబ్బు వేరే పనికి పెట్టాలా?

తుంగభద్ర_ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

కర్నూలులో ఉద్యోగాలు చేసుకునే స్నేహితులం కొంతమందిమి కలిసి ప్రతి ఆదివారం మధ్యాహ్నం పెద్దాసుపత్రి గేటు బయట అన్నం పొట్లాలు పంచుతున్నాం. వార్డులో చేరిన రోగికి ఆసుపత్రి భోజనం వస్తుంది. వెంట వచ్చిన భార్యకో, తల్లికో రాదు. ఆదోని, ఆలూరు, నంద్యాల నుంచే కాదు, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా ఇక్కడికి వస్తారు. చేతిలో ఉన్న డబ్బులు మందులకూ, బస్సు చార్జీలకూ సరిపోతే గొప్ప.

ఇప్పుడు మా గ్రూపులో రెండు మాటలు వినిపిస్తున్నాయి. 2024 ఆగస్టు నుంచి అన్న క్యాంటీన్లు మళ్లీ తెరిచారు, అయిదు రూపాయలకే భోజనం దొరుకుతోంది, ఇంకా పొట్లాలెందుకు, ఆ డబ్బుతో పింఛన్లు రానివాళ్ల కాగితాల పని చేయిద్దాం అని కొందరు. ఆకలి ముందు, కాగితాలు తర్వాత అని ఇంకొందరు. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు

ఆపొద్దు. ఈ గడ్డమీద అన్నం పెట్టడం కొత్తగా నేర్చుకున్న పని కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఊరూరి నుంచి వచ్చినవాళ్లకు తన సొత్తు కరిగించి అన్నం పెట్టించారు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఇప్పటికీ ఆయన మీద పాటలు పాడతారు. ఆయన ముందు కాగితాలు చూపించమన్నాడా?

అన్న క్యాంటీన్ ఉంది, నిజమే. కానీ ఐసీయూ బయట కూర్చున్న మనిషి క్యాంటీన్ దాకా వెళ్లలేడు. ఎప్పుడు డాక్టరు పిలుస్తాడో, ఎప్పుడు చీటీ ఇచ్చి మందు తెమ్మంటారో తెలియదు. ఆ మెట్లు దిగితే ఏం జరుగుతుందోనని భయం. మేం పొట్లం చేతికిస్తే కూర్చున్న చోటే తింటాడు. ఇది చాలా చిన్న పని, నేను ఒప్పుకుంటాను, కానీ ఆ పూటకు అదే పెద్దది. రిటైరయ్యాక నా పింఛనులోంచి నెలనెలా కొంత దీనికే తీసి పెడుతున్నాను. ఎవరినీ అడగను.

బీ_క్యాంపు_కుర్రాడు

మాస్టారు చెప్పింది కరెక్ట్. ఆకలిగా ఉన్నవాడికి ఫారం ఇచ్చి నింపుకోమంటామా?

ఆదోని_పిల్లోడు

అన్నం పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ఫోటోలు ఎందుకు తీస్తున్నారు? ఆ ఒక్కదానికి సమాధానం చెప్పండి.

లెక్కల_మాస్టారు

తమ్ముడూ, ఫోటో చూసి ఇంకో పదిమంది ముందుకొస్తారు. చందా ఇచ్చినవాళ్లకు డబ్బు ఎక్కడ ఖర్చయిందో చూపించాలి కదా. లెక్క లేకపోతే రేపు మీరే అడుగుతారు, డబ్బు ఎటు పోయిందని.

ఆదోని_పిల్లోడు

బియ్యం బస్తాల ఫోటో పెట్టండి. వంట పాత్రల ఫోటో పెట్టండి. కిరాణా బిల్లు పెట్టండి. లెక్క చూపించడానికి తీసుకునేవాళ్ల ముఖం ఎందుకు సార్?

హంద్రీ_గట్టు

ఫోటో సంగతి పక్కన పెట్టండి, అసలు ప్రశ్న అది కాదు. నేను కర్నూలు పాతబస్తీ వాడిని. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరి మీద పడ్డప్పుడు మా ఇల్లు మొత్తం మునిగింది. మేడ మీద ఉండగా మొదట మా చేతికొచ్చింది పులిహోర పొట్లమే. ఎవరు పంపారో ఇప్పటికీ తెలియదు. కాబట్టి పొట్లాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం వస్తుంది.

అయితే నీళ్లు తగ్గాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. లారీల నిండా పాత బట్టలు వచ్చాయి. చిరిగినవి, పిల్లల స్వెటర్లు, ఏవేవో. వీధిలో కుప్పలు పడి ఉండేవి, ఎవరూ ముట్టుకోలేదు. ఇంట్లో మోకాలెత్తు బురద. ఆ బురద కంపు, దానిమీద నడిచే మా అమ్మ. పారలు పట్టుకొని వచ్చిన కాలేజీ పిల్లలు ఎవరో మా ఇంటి బురద ఎత్తిపోశారు. బీరువా వంచి తలుపు తీసి, తడిసిన ఇంటి పత్రాలు ఒక్కొక్కటి విడదీసి మిద్దె మీద ఆరబెట్టారు. ఆ పత్రాలతోనే తర్వాత మాకు సాయం అందింది. మొదటి రోజు పొట్లం, తర్వాత పార. రెండూ కావాలి.

నర్సక్క_కెఎన్ఎల్

నేను నర్సును. ఆసుపత్రి పేరు అక్కర్లేదు. బయటి నుంచి చూసేవాళ్లకు తెలియని ఒక మాట. ఆదివారం, పండగ రోజు, ఎవరో ఒకరి పుట్టినరోజు అయితే ఒకే గేటు దగ్గర రెండు మూడు బృందాలు వస్తాయి. అందరూ చిత్రాన్నం, పెరుగన్నమే తెస్తారు. సాయంత్రానికి సగం తిన్న పొట్లాలు గోడ వెంట పడుంటాయి. మంగళవారం, బుధవారం రాత్రి ఎవరూ రారు. ఆకలి మాత్రం వారమంతా ఉంటుంది. అన్నం పంచే బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడుకొని రోజులు పంచుకుంటే చాలు, కొత్తగా ఒక్క రూపాయి అక్కర్లేదు.

ఇంకో విషయం. నిమ్మకాయ పిండిన పులుపు అన్నం అల్సర్ ఉన్నవాళ్లకు పడదు. వెంట వచ్చినవాళ్లు తమ పొట్లం రోగికి కూడా తినిపిస్తారు. ఆపరేషన్ అయిన మనిషికి ఆ అన్నం పెట్టేస్తారు. పంచేటప్పుడు ఒక్క మాట చెప్పండి, పేషెంటుకు పెట్టొద్దని.

బీ_క్యాంపు_కుర్రాడు

రోజులు పంచుకోవడం మంచి ఆలోచన అక్కా. కానీ మాకు ఆదివారం తప్ప సెలవు లేదు.

అనంత_రైతుబిడ్డ

మా జిల్లా సంగతి చెప్తా. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. బావుల తవ్వకంతో మొదలుపెట్టి ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి దాకా తెచ్చారు. 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. ఉన్నచోటే ఉన్నారు కాబట్టి పని జరిగింది. ఆదివారం వచ్చి ఆదివారమే వెళ్లిపోయే సేవ వేరు.

లెక్కల_మాస్టారు

అందరూ ఫెర్రర్లు కాలేరు నాయనా. ఇల్లూవాకిలీ, పిల్లల ఫీజులు ఉన్నవాడు వారానికి ఒక పూట ఇస్తున్నాడు. ఆ ఒక్క పూటా తప్పే అంటే ఇక ఎవరూ ముందుకు రారు. పెట్టే చేతిని తప్పుపట్టడం ఇప్పుడు ఫ్యాషనయింది. ఆదోని తమ్ముడు ఫోటో పట్టుకొని వేలాడుతున్నాడు, ఇంకొకరు పులుపు అంటారు, ఇంకొకరు రోజు అంటారు. మేం చేస్తున్నది ఉచితంగా. నచ్చకపోతే తీసుకోకండి.

ఆదోని_పిల్లోడు

"నచ్చకపోతే తీసుకోకండి" అన్నారు చూడండి, ఇప్పుడు చెప్తాను.

మాది కోసిగి దగ్గర పల్లె. వానలు లేని ఏడు మా అమ్మా నాన్నా సుగ్గికి గుంటూరు వైపు పోయేవాళ్లు, మిరపకాయలు కోయడానికి. నేను సీజనల్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. తల్లిదండ్రులు వలస పోతే బడి మానకుండా ఊళ్లోనే ఉంచే హాస్టల్ అది. ఆ హాస్టల్ లేకపోతే నేనూ మిరప చేలో ఉండేవాడిని. కాబట్టి సాయమంటే నాకు విలువ తెలియదని అనుకోవద్దు.

నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రిలో అమ్మ ఒక్కతే ఉంది, నాకు పరీక్షలు. గేటు దగ్గర ఎవరో పొట్లాలు పంచుతున్నారని వెళ్లింది. మీ గ్రూపు కాదు, పేరు చెప్పను. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని చెయ్యి చాచింది. "కొంగు తియ్యమ్మా, ముఖం కనపడాలి" అన్నారట. తీసింది. ఆ ఫోటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా ఊరికే వచ్చింది. మా అమ్మ ఊళ్లో ఎవరి దగ్గరా అప్పు కూడా చేయని మనిషి. నెల రోజులు బోరింగు దగ్గరికి నీళ్లకు పోలేదు.

నచ్చకపోతే తీసుకోవద్దని చెప్పగలిగేది కడుపు నిండినవాళ్లు సార్.

బీ_క్యాంపు_కుర్రాడు

సారీ అన్నా. ఇలా జరుగుతుందని నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

లెక్కల_మాస్టారు

అది చాలా తప్పు. అలా అన్నవాడెవడో వాడికి బుద్ధి లేదు. కానీ ఒకడు చేసినదానికి అందరికీ శిక్ష వేయొద్దు.

నా మాట సూటిగా చెప్తాను. దానం చేసేవాడికి ఏం ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉండాలి. ప్రభుత్వం ఇచ్చేది హక్కు, అడిగి తీసుకోండి, పోట్లాడండి. నేనిచ్చేది నా ఇష్టం. ఈ రెండింటినీ కలపకండి.

ఆదోని_పిల్లోడు

అదే సార్, గొడవంతా అక్కడే. ఫోటో కాదు. మీ ఇష్టమైన రోజు, మీ ఇష్టమైన అన్నం, మీ ఇష్టమైన ముఖం. తీసుకునే మనిషికి ఏం కావాలో ఒక్కసారైనా అడిగారా? మా అమ్మకు ఆ రోజు అన్నం కంటే ఎక్కువ కావలసింది వేరే ఉంది.

ఆమె దగ్గర ఒక పాలిథిన్ కవరు ఉండేది. అందులో ఆధార్ జిరాక్సులు, రేషను కార్డు, కేసు షీటు, స్కానింగు కాగితాలు అన్నీ మడతలు పెట్టి. ఏ కాగితం ఏ కౌంటర్లో ఇవ్వాలో చదవలేదు. ప్రతి కౌంటర్లో కవరు మొత్తం బల్ల మీద గుమ్మరించేది, వాళ్లు కావలసింది తీసుకుంటే మిగతావి మళ్లీ మడతపెట్టుకునేది. తర్వాత పింఛను పనికి ఓ ఆఫీసుకు వెళ్తే వేలిముద్ర పడలేదు. మిరపకాయలు కోసి కోసి వేళ్లు అరిగిపోయాయి. "రేపు రా" అన్నారు, మళ్లీ "రేపు రా" అన్నారు. పక్కన నిలబడి "కంటిపాపతో చూడండి" అని ఒక్క మాట అనే మనిషి ఉంటే అయిపోయేది. నేను వచ్చాకే అయింది. అప్పటిదాకా పోయిన నెలల పింఛను పోయినట్టే.

ఆ కౌంటర్లు ఆదివారం తెరవరు సార్. మీరంతా వచ్చేది ఆదివారం.

నర్సక్క_కెఎన్ఎల్

ఆదోని తమ్ముడు చెప్పింది రోజూ చూస్తాను. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) డెస్కులో దారి చూపడానికి వైద్యమిత్రలు ఉంటారు, కానీ ఎంతమందికని చెప్తారు? పక్షవాతంతో మంచానపడ్డవాళ్లకు 2024 జులై నుంచి నెలకు 15,000 పింఛను ఉందని చాలామందికి తెలియదు. దివ్యాంగులకు 6,000, వృద్ధులకు 4,000. పక్షవాతం పింఛను ఒక్కటి మంజూరైతే ఆ ఇల్లు నిలబడుతుంది. ఎన్ని పొట్లాలకు సమానమో మాస్టారే లెక్క వేయండి.

లెక్కల_మాస్టారు

లెక్క నాకు తెలుసమ్మా. కానీ పింఛను వచ్చేదాకా ఆ మనిషి ఏం తినాలి?

ఓర్వకల్లు_అక్క

చదువుతున్నాను కానీ రాయలేదు ఇప్పటిదాకా. మా మండలంలో 1990లలో యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ) ప్రాజెక్టువాళ్లు వచ్చినప్పుడు అన్నం, బట్టలు ఏమీ పంచలేదు. మా అమ్మకు మొదట కోపమే వచ్చిందట, ఉత్తచేతులతో వచ్చారని. వారం వారం వచ్చి చెట్టు కింద మాతో కూర్చొని రోజుకో రూపాయి దాయించారు. సంతకం నేర్పారు. బ్యాంకు గడప ఎక్కించారు. మొదట్లో మేనేజరు గదిలోకి పోవాలంటే అందరూ కలిసి పోయేవాళ్లు, ఒక్కరికీ ధైర్యం చాలక. తర్వాత ఒక్కరే పోయి అప్పు అడిగేవాళ్లు. మా మండల పొదుపు సంఘాలు ఈ జిల్లాలో అందరికీ తెలిసినవే.

కానీ ఒకటి. ఆ మీటింగులకు వచ్చింది ఇంట్లో ఒక పూటైనా గంజి ఉన్నవాళ్లు. అదీ లేనివాళ్లు కూలికి పోయారు, సంఘంలో చేరింది చాలా ఆలస్యంగా. కాబట్టి మాస్టారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. ఆదోని తమ్ముడి ప్రశ్న కూడా.

హంద్రీ_గట్టు

అక్క బాగా చెప్పింది.

తుంగభద్ర_ఒడ్డు

ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. మా గ్రూపులో ఇది చదివి వినిపించాను. రెండు తేలాయి. ఒకటి, ముఖాలు కనిపించే ఫోటోలు ఇక తీయం. బియ్యం బిల్లు, వంట ఫోటో మాత్రమే. రెండు, ఆదివారం వచ్చే మిగతా బృందాలతో మాట్లాడి ఒకటి మంగళవారం రాత్రికి మారుతుందేమో అడుగుతాం. కాగితాల పని మాత్రం ఎటూ తేలలేదు. మాలో పని రోజున ఖాళీ ఉన్నవాళ్లు ఇద్దరే, అదీ సాయంత్రాలే.

లెక్కల_మాస్టారు

అన్నం ఆగదు కదా, అదే నాకు కావాలి. నా పద్ధతి నేను మార్చుకోను, ఇవ్వడం నా ఇష్టమే అని ఇప్పటికీ అంటాను. కానీ పని రోజున నాకు పనేమీ లేదు. సోమవారం నుంచి ఉదయం పూట ఓపీ దగ్గర కూర్చుంటాను. చదవలేనివాళ్లకు కాగితాలు చదివి పెడతాను. నాకు ఈ పింఛను నిబంధనలు తెలియవు, నర్సమ్మా, మీరు ఒక కాగితం మీద రాసి పెట్టగలరా?

నర్సక్క_కెఎన్ఎల్

రాసి పెడతాను మాస్టారూ. ఏ పింఛనుకు ఏ కాగితాలు కావాలో కూడా రాస్తాను.

ఆదోని_పిల్లోడు

మాస్టారూ, మీ మాటతో నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ కూర్చుంటానన్నారు కాబట్టి ఒకటి చెప్తా. కవరు మీరే తీసుకొని వెతకొద్దు. వాళ్ల చేతిలోనే ఉంచి, ఏ కాగితం ఎందుకో చూపించండి. రెండోసారి వాళ్లే తీసి ఇస్తారు.

పత్తికొండ_యూజర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా తాతకు కాలు తీసేశారు. పింఛనుకు సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే కాగితం) కావాలంటున్నారు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలా?

నర్సక్క_కెఎన్ఎల్

నేరుగా వద్దు, తిరిగి పంపేస్తారు. ముందు మీ ఊరి సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఆధార్ ఇచ్చి స్లాట్ బుక్ చేయించండి. ఇచ్చిన తేదీకి తాతను ఆధార్, పాత కేసు షీటుతో తీసుకురండి. వైకల్యం 40 శాతం, అంతకంటే ఎక్కువ అని తేలితే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. బస్సులో కష్టమవుతుంది, వచ్చే రోజు ముందుగా ఇక్కడ ఒక మాట రాయండి.

లెక్కల_మాస్టారు

తేదీ రాగానే ఇక్కడే రాయి బాబూ. నేను గేటు దగ్గరే ఉంటాను, వీల్‌చైర్ సంగతి చూస్తాను.