రోమా 12:2: ‘లోక మర్యాద’లో ఉన్నది ఏ మర్యాద?

సండేస్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. యువజన కూడికకి బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక (ఉత్తరం) నుంచి ఈ వాక్యం అంశంగా ఇచ్చారు: “మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక, ఉత్తమమును, అనుకూలమును, సంపూర్ణమునై యున్న దేవుని చిత్తమేదో పరీక్షించి తెలిసికొనునట్లు మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి.” ఇంటర్ చదివే పిల్లలకి మర్యాద అంటే గౌరవమే. ‘అయితే బయటివాళ్ళతో మర్యాదగా ఉండక్కర్లేదా?’ అని అడుగుతున్నారు. లోకం కప్పే శాలువాలు, వేసే దండలు వద్దని దీని భావం అని ఇంకో వివరణ కూడా ఉంది. ఏది సరైనది?

పాతప్రతి:
రెండూ కాదండీ. సంస్కృతంలో మర్యాద అంటే మొదట హద్దు, గట్టు. హద్దులో నడిచే పద్ధతి, అంటే ఆచారం, ఆ తర్వాతి అర్థం. రాముణ్ణి మర్యాదా పురుషోత్తముడు అన్నది మాట మన్ననను బట్టి కాదు, హద్దు మీరనివాడని. పలకరింపూ మన్ననా అనే అర్థం ఇప్పుడు మిగతావాటిని మింగేసింది. పాత తెలుగు బైబిలు అనువాదంలో మాత్రం అన్నీ బతికే ఉన్నాయి. ఆదికాండం 29:26లో యాకోబుతో అతని మామ లాబాను అన్న మాట చూడండి: పెద్దదానికంటె ముందుగా చిన్నదాన్ని ఇవ్వడం “మా దేశ మర్యాద కాదు”. అక్కడ గౌరవం అని పెట్టి చదివితే నవ్వొస్తుంది. ఆది 19:31లో “సర్వలోక మర్యాద చొప్పున” అన్నదీ ఇలాంటిదే. రోమా పత్రికలో ఉన్నది ఈ లాబాను మర్యాదే.

మీ పిల్లల ప్రశ్నకి జవాబు కూడా అదే అనువాదంలో ఉంది. 1 కొరింథీ 13:5లో ప్రేమ “అమర్యాదగా నడువదు”, 14:40లో “సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగనియ్యుడి”. రోమా వాక్యంతో కలిపి ఈ మూడు చోట్లనీ పక్కపక్కన బోర్డు మీద రాసేస్తే సగం పని అయిపోతుంది.

గ్రీకు పాఠం:
పాతప్రతి గారితో ఏకీభవిస్తూ మూలం వైపు నుంచి కొంచెం. ‘లోక’ అన్నచోట గ్రీకులో ఉన్నది కొస్మోస్ (ప్రపంచం) కాదు, అయోన్. అంటే యుగం, కాలం. గలతీ 1:4లో ఇదే మాటని మనవాళ్ళు “ప్రస్తుతపు దుష్టకాలము” అన్నారు. పౌలును విడిచిపోయిన దేమా విషయంలో (2 తిమోతి 4:10) “ఇహలోకము” అయింది. “ఈ లోకమునైనను లోకములో ఉన్నవాటినైనను ప్రేమింపకుడి” (1 యోహాను 2:15) మాత్రం కొస్మోస్. తెలుగులో రెండూ లోకమే కావడంతో ప్రసంగాల్లో ఈ రెండు వచనాలూ ముడిపడి, ‘లోకంలో ఉన్న వస్తువుల’ జాబితా మొదలవుతుంది: సినిమా, నగలు, పూలు, ఫోను. రోమా 12:2 వస్తువుల గురించి కాదు, కాలం పెట్టే ఒరవడి గురించి.

‘మర్యాదను అనుసరించు’ అన్నంతా గ్రీకులో ఒకే క్రియ, స్కేమా అనే నామం మీద కట్టింది. స్కేమా అంటే పైకి కనబడే తీరు. అదే స్కేమా ఫిలిప్పీ 2:8లో “ఆకారము” (“ఆకారమందు మనుష్యుడుగా కనబడి”), 1 కొరింథీ 7:31లో “నటన”: “ఈ లోకపు నటన గతించుచున్నది”. పాపం, ఈ నటనని కూడా సినిమాల మీద ప్రసంగానికి వాడేస్తుంటారు!

సండేస్కూల్ టీచర్:
నటన సంగతి ఇప్పుడే తెలిసింది 🙂 మరి “మనస్సు మారి” అంటే మారుమనస్సేనా అన్నా?

గ్రీకు పాఠం:
కాదక్కా, అక్కడే చాలామంది జారేది. మారుమనస్సుకి మూలం మెటానోయా, పాపం నుంచి తిరగడం. ఇక్కడున్నది అనకైనోసిస్, కొత్తగా చేయబడడం. తీతు 3:5లో “నూతన స్వభావము కలుగజేయుట” అన్నది ఈ మాటే. మూలంలో ‘మనస్సు నూతనమవడం’ అనే ఉంది. “మారి” తెలుగు సాఫీగా నడవడానికి వచ్చి చేరింది. పైగా ఈ పత్రిక బాప్తిస్మం పొందినవాళ్ళకి రాసింది. ‘మారుమనస్సు పొందనివాళ్ళకి ఈ వాక్యం’ అని కూడికలో చెబితే గురి తప్పుతుంది.

“రూపాంతరము పొందుడి” మాత్రం చక్కగా కుదిరింది. మత్తయి 17:2లో కొండమీద యేసు “రూపాంతరము పొందెను” అన్నప్పటి క్రియే ఇది. కొత్త నిబంధన మొత్తంలో నాలుగుసార్లే వస్తుంది. రోమాలో అది కొనసాగే క్రియ, ‘పొందుతూ ఉండండి’ అని. మన ‘-ఉడి’ ఆజ్ఞలో ఆ సాగింపు వినబడదు. ఇంకొకటి: గ్రీకులో ఆజ్ఞలు రెండు, అనుసరించకండి, రూపాంతరం పొందండి. తెలుగులో మొదటిది “అనుసరింపక” అని అసమాపకంలోకి (వాక్యం ముగించని క్రియలోకి) దిగిపోయింది. దాంతో కాస్త చప్పబడింది.

పాతప్రతి:
పైకి చదివేవాళ్ళకి ఓ మాట. “అనుసరింపక” దగ్గర ఆగండి. తర్వాత “తెలిసికొనునట్లు” దాకా ఒకే ఊపిరిలో వెళ్ళి మళ్ళీ ఆగాలి. “పరీక్షించి” దగ్గర ఆగితే వాక్యం విరిగిపోతుంది.

పందిరి:
జాబితా గురించి అన్నది బాగుంది, కానీ సగంలో వదిలేశారు. లాబాను మాట వచ్చింది పెళ్ళి సందర్భంలోనే కదా. మన సంఘాల్లో ‘మర్యాదలు’ అనే బహువచనం వినబడేది ఎక్కడ? ‘మగపెళ్ళివారికి మర్యాదలు ఏమిటి’ అన్నప్పుడు. కట్నం నిషేధిస్తూ 1961లో చట్టం వచ్చింది. ఇప్పుడు దాన్ని కానుక అనో లాంఛనం అనో పిలుస్తారు, ముందు ప్రార్థన చేసి మరీ మాట్లాడుకుంటారు. సంబంధాల బయోడేటాలో రక్షణ, బాప్తిస్మం వివరాల కింద కులం గడి ఉంటుంది. సినిమా మానేసినవాడు కూడా ఆ గడి నింపుతాడు. పిల్లలకి లోక మర్యాద చూపించాలంటే అంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

గ్రీకు పాఠం:
ఒప్పుకుంటాను. అయితే ఆచారం కనబడినచోటల్లా ఈ వాక్యం దించకూడదు. తాళి కట్టడమూ ఆచారమే, ఉంగరాలు మార్చుకోవడమూ ఆచారమే. సంఘాల్లో రెండూ ఉన్నాయి. “పరీక్షించి తెలిసికొనునట్లు” అని వాక్యంలోనే ఉంది. ఆ పరీక్షకి తట్టుకునేది ఉంటుంది, తట్టుకోనిది పోతుంది.

సండేస్కూల్ టీచర్:
సరే, బ్యానరు మీద వాక్యం ఉన్నదున్నట్టే వేసి, కింద చిన్న అక్షరాల్లో వివరణగా ‘ఈ లోక రీతిలో నడవకండి’ అని పెట్టనా?

పాతప్రతి:
‘రీతి’ తప్పు కాదుగానీ అదీ పుస్తకాల మాటే. ‘ఈ కాలపు పోకడలో పడిపోకండి’ అనండి. పోకడ అందరి నోటా ఉన్న మాట, అయోన్‌లోని కాలమూ వచ్చేస్తుంది. దాన్ని వాక్యం ఉన్న కొటేషన్ గుర్తుల్లో మాత్రం పెట్టకండి, అనువాదం మార్చారని పెద్దలు పట్టుకుంటారు.