ప్రయోగశాలలో పెంచిన కణజాలంతో గాయపడిన మెదడును బాగుచేయగలరా?

ప్రశ్న:
తలకు బలమైన గాయమై మా తమ్ముడి కుడిచేతికి పట్టు పోయింది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇప్పటికీ మరొకరి సాయం కావాలి. ఎలుక మెదడులో మానవ మెదడు కణజాలాన్ని అమర్చితే అది అతుక్కుని పనిచేసిందని చదివాను. అందులో నిజంగా రుజువైనదేమిటో, మనుషుల దాకా రావడానికి అడ్డేమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
మీరు చదివినది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఐజాక్ చెన్ బృందం 2023లో ప్రచురించిన పరిశోధన అయి ఉండవచ్చు. మానవ మూలకణాల (వేర్వేరు రకాల కణాలుగా మారగల కణాల) నుంచి దాదాపు 80 రోజులు పెంచిన ఆర్గనాయిడ్లను, అంటే మెదడు పైపొరను కొంతమేర పోలిన కణాల ముద్దలను, ఎదిగిన ఎలుకల మెదడులో చూపుకు సంబంధించిన భాగమైన విజువల్ కార్టెక్స్‌లో గాయం చేసిన చోట అమర్చారు. మూడు నెలలలోపే వాటిలోకి ఎలుక రక్తనాళాలు పాకాయి. ఒక నాడీకణం నుంచి దానితో ముడిపడిన మరో కణానికి దాటుకుంటూ పోయే, మెరిసే గుర్తు తగిలించిన వైరస్‌ను ఎలుక కంట్లోకి ఎక్కిస్తే, అది ఆర్గనాయిడ్ దాకా చేరింది. కాంతి గీతలను ఫలానా దిశలో చూపినప్పుడు అందులోని కొన్ని కణాలు స్పందించాయి కూడా. అయితే కణం స్పందించడం వేరు, పోయిన చూపు తిరిగి రావడం వేరు. రెండోదాన్ని ఆ పరిశోధన రుజువు చేయలేదు.

జవాబు 2:
పై జవాబుకు కొంత జోడిస్తాను. స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియు పాష్కా బృందం 2022లో చేసిన ప్రయోగాన్ని కూడా చాలామంది దీనితో కలిపి చెబుతుంటారు, అది సరికాదు. వారు కణజాలాన్ని అమర్చింది అప్పుడే పుట్టిన, గాయం లేని ఎలుకపిల్లల మెదడులో. లక్ష్యం మానసిక, నాడీ వ్యాధుల అధ్యయనమే తప్ప మరమ్మతు కాదు.

మీ తమ్ముడి విషయంలో కొత్త కణాలు బతికితే చాలదు. వాటి తంతువులు మెదడు పైపొర నుంచి బయలుదేరి, మెడ దగ్గరి వెన్నుపాములో చేతి కండరాలను నడిపే కణాల వరకు దారి తప్పకుండా చేరాలి. ఎదిగిన మెదడులో గాయపు మచ్చ ఆ పెరుగుదలకు అడ్డుపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి పార్కిన్సన్ రోగులకు ఇటువంటి కణాలను ఇప్పటికే అమర్చారు కదా?

జవాబు 2:
అమర్చారు. క్యోటోలో ఏడుగురిపై జరిగిన ట్రయల్ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. అయితే అక్కడ వాడినవి, కదలికలకు అవసరమై పార్కిన్సన్ రోగుల మెదడులో తగ్గిపోయే రసాయనమైన డోపమైన్‌ను తయారుచేసే కణాలుగా మారే పూర్వకణాలు. వాటిని నేరుగా డోపమైన్ కొరవడిన చోటే ఉంచుతారు కనుక దూరప్రయాణం అక్కర్లేదు. చేతి కదలికకు కావలసిన అల్లిక అంత సులువు కాదు.

జవాబు 3:
ప్రమాదాలను కూడా గమనించండి. పరిపక్వం కాని కణాలు విభజన ఆపకపోతే కణితి ఏర్పడవచ్చు, తప్పుడు అనుసంధానాల వల్ల ఫిట్స్ రావచ్చు, ఇతరుల కణాలైతే రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాలి. మూలకణాల ఇంజెక్షన్‌తో మెదడు బాగవుతుందని ఎవరైనా డబ్బు అడిగితే, అవి ఏ కణాలో, ఆ ట్రయల్ నమోదు సంఖ్య ఎంతో రాతపూర్వకంగా ఇమ్మనండి. అటువంటి చోట్ల తరచుగా ఇచ్చేవి ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో తీసిన కణాలు. పైన చర్చించిన కణజాలానికీ వాటికీ సంబంధం లేదు.